చివరి జత

రేంజర్ పెన్ను విదిలించి పుస్తకంలో మొదటి గీత మీద కబుఘో పేరు రాశాడు. రెండో గీత మీద ముహిందో పేరు రాసి, పుస్తకాన్ని ఇటు తిప్పాడు.

ఇరవై రెండేళ్ళుగా ముహిందో ఆ పుస్తకంలో మొదటి గీత మీదే, నాయకుడి గీత మీదే సంతకం పెడుతూ వచ్చాడు. చెయ్యి అలవాటుగా అక్కడికే పోయింది. రేంజర్ వేలితో కిందికి చూపించాడు.

"అక్కడ కాదు పెద్దాయనా, కింద."

"కనపడుతోందిలే."

"మోకాలు ఎలా ఉంది?"

"దానికీ ఓ గీత ఉందా ఏంటి, రాసుకోవడానికి?" అన్నాడు ముహిందో. రేంజర్ నవ్వాడు. ముహిందో నవ్వలేదు.

బయట న్యమ్వంబ నది రాళ్ళ మీద హోరెత్తుతోంది. పాత రాగి గని షెడ్ల మీంచి పొగమంచు లేస్తోంది. చెట్టుకొమ్మకు వేలాడదీసిన కాటాకు కూలీలు ఒక్కొక్కరే మూటలు తగిలిస్తున్నారు. కాటా పక్కన నిలబడి ముల్లు చూస్తున్నది కబుఘో. ఇరవై ఏడేళ్ళది. ఎనిమిదేళ్ళ కిందట బంగాళాదుంపల మూట మోయడానికి వచ్చిన పిల్ల. మొదటి ముడి వేయడం నేర్పింది ముహిందోయే.

ఒక కూలీ మూట రెండు కిలోలు ఎక్కువ తూగింది. ఆమె ఏమీ అనకుండా మూట విప్పి, కిరోసిన్ డబ్బా తీసి తన సంచిలో పెట్టుకుంది. ఎక్కువైన బరువు నాయకుడి సంచిలోకి పోవాలన్నది ముహిందో పెట్టిన పద్ధతే. తను చేసినన్నాళ్ళూ అదేదో గాలి పీల్చినంత మామూలుగా తీసుకున్నారు. ఇప్పుడు మాత్రం కూలీలంతా ఆమె చేతుల వంక చూస్తున్నారు.

వంటవాడు థెంబో గిన్నెలు కట్టుకుంటూ దగ్గరకొచ్చాడు. "చూశావా అన్నా, అచ్చం నువ్వే. గడ్డం ఒక్కటే తక్కువ."

"అది కూడా గీసి ఇచ్చేయమంటావా?"

"ఇచ్చినా తీసుకోదులే, మాసిపోయింది," అన్నాడు థెంబో.

ఈసారి కొండెక్కడానికి వచ్చింది ఒక్క మనిషే. మిలెనా అని స్లొవేనియా నుంచి వచ్చిన బడి టీచరు, అరవై మూడేళ్ళావిడ. పెద్ద దారిలో జనం ఎక్కువని, ఎవరూ పోని దక్షిణపు దారే కావాలని అడిగిందట. ఆ దారిలో ఎక్కడానికి అయిదు రోజులు, దిగడానికి మూడు రోజులు. మధ్యలో ఇంకో మనిషి ముఖం కనపడదు. బురద ఉంటుంది, నాచు ఉంటుంది, చివర రువెంజోరి మంచు ఉంటుంది.

కబుఘో ముందు నడిచింది. వెనక టీచరమ్మ, ఆ వెనక కూలీలు. అందరికన్నా వెనక ముహిందో.

*

వెనక నడవడం వేరే పని అని అతనికి రెండో రోజు గానీ తెలియలేదు. ముందు నడిచేవాడు దారి చూస్తాడు. వెనక నడిచేవాడికి మనుషుల మడమలు తప్ప ఏమీ కనపడవు. వెదురు అడవి దాటి, నాచు గడ్డాలు వేలాడే చెట్ల మధ్యకు వచ్చేసరికి, రబ్బరు బూట్లు పిక్కల దాకా బురదలో దిగబడుతున్నాయి. ఒక్కో అడుగూ చప్పరిస్తున్నట్టు మోత చేస్తూ పైకొస్తోంది. ఎడమ మోకాలు మెట్టు ఎక్కినప్పుడు ఊరుకుంటుంది, దిగినప్పుడే పలుకుతుంది. అది ఎవరికీ వినపడకుండా అతను కర్ర మీద బరువేస్తున్నాడు.

బురద మైదానంలో కబుఘో కర్రతో పొడిచి చూస్తూ, కింద మునిగిపోయిన దుంగలను వెతుక్కుంటూ, గడ్డి దిబ్బ మీంచి గడ్డి దిబ్బ మీదికి దాటిస్తోంది. అతను ఆమె తప్పు కోసం చూస్తున్నాడు. రెండు చోట్ల, ఇక్కడ ఎడమకి పోతుంది, నడుము దాకా దిగబడుతుంది అనుకున్నాడు. రెండు చోట్లా ఆమె కుడికే పోయింది. ఎలా పోదు, చెప్పింది తనే కదా.

తడి బండ ఒకటి అడ్డం వచ్చింది. కబుఘో టీచరమ్మ నడుముకి తాడు కట్టి ఎక్కించింది.

"ఎక్కేటప్పుడు నాయకుడు ముందు ఉంటాడు," అని చెబుతోంది. "దిగేటప్పుడు అందరికన్నా వెనక. ఎప్పుడూ మీకన్నా పైనే. మీరు జారితే పట్టుకోవాల్సింది అతను కాబట్టి."

"ఎవరు నేర్పారు నీకు ఇదంతా?" అంది మిలెనా.

ముహిందో కింద నుంచి తల ఎత్తాడు.

"కొండ మీద అందరూ ఇలాగే చేస్తారు," అంది కబుఘో, ముడి విప్పుతూ.

అతను మళ్ళీ తల దించుకున్నాడు. అందరూనట. మాపటికి గుడారం తాడు కడుతున్నప్పుడు కూడా అదే మాట చెవిలో తిరిగింది. థెంబో కర్రపెండలం పిండి ముద్దా చిక్కుళ్ళ కూరా పెట్టి, పక్కన కూర్చున్నాడు.

"తినన్నా. ముద్ద చల్లారితే రాయి అవుతుంది."

"ఆ పిల్లకి పెట్టావా?"

"తను కూలీలు తిన్నాకే తింటానంది."

"అదీ నా పద్ధతే."

"నీ పద్ధతులన్నీ నీకే తిప్పి పంపమంటే ఎలా అన్నా? మేము పస్తుండాలి." థెంబో గట్టిగా నవ్వి, ముహిందో ముఖం చూసి నవ్వు ఆపేశాడు.

పొయ్యి అవతల మిలెనా పాదాలు ఆరబెట్టుకుంటూ కబుఘోని అడుగుతోంది. "మంచు మీద నన్ను ఎవరు నడిపిస్తారు? నువ్వేనా?"

కబుఘో తల అడ్డంగా ఊపింది. "అది ఇక్కడ చెప్పకూడదమ్మా."

"ఎందుకని?"

"పైన కిథసాంబా ఉంటాడు. మంచు ఆయనది. మంచు మీద ఏం చేస్తామో ముందే డప్పు కొట్టుకుంటే ఆయనకి నచ్చదు. అక్కడికి పోయాక, మంచు ముందర నిలబడి చెప్పుకుంటాం, తాడు చేతికిస్తాం. అంతవరకూ ఎవరూ అడగరు."

ఆ మాట నిజమే. గైడ్లందరూ పాటించేదే. అయినా ముహిందోకి ఆమె గొంతులో నిండుకుండలాంటి ధీమా ఏదో వినపడింది. చెప్పకపోతే ఏం, తెలియని విషయమా? మొదటి గీత మీద పేరున్న మనిషే తాడు పట్టేది. తనని ఊరడించడానికి దేవుణ్ణి అడ్డం పెట్టుకుంటోంది.

అతను ముద్ద సగంలో వదిలేసి లేచాడు.

*

నాలుగో రోజు మధ్యాహ్నం వానలో పై గుడిసె చేరారు. రేకుల మీద వడగళ్ళు పడుతున్నాయి. ఎదురుగా ఉండాల్సిన మంచుకొండ తెల్లటి గోడలాంటి మబ్బు వెనక ఎక్కడో ఉంది. టీచరమ్మ తలనొప్పితో పడుకుంది. కబుఘో ఆమె పక్కన కూర్చుని, గుటక గుటకగా టీ తాగిస్తోంది.

"బాబాయ్, సామాను నువ్వు చూస్తావా?" అంది తలుపు దగ్గరి నుంచి ముహిందోతో. "నీ కళ్ళు పడితే నాకు ధైర్యం."

కళ్ళు కావాలి, కాళ్ళు అక్కర్లేదు, అనుకున్నాడు అతను. సంచి మూతి విప్పి నేల మీద కుమ్మరించాడు. తాడుని మూర మూరకీ వేళ్ళ మధ్య నుంచి జార్చి చూశాడు. కొక్కేలు ఒక్కొక్కటే తెరిచి మూశాడు. ఆ తరవాత ముళ్ళు. మంచు మీద జారకుండా బూటు కింద కట్టుకునే ఇనుప చట్రాలు అవి. మూడు జతలు ఉన్నాయి. మొదటి జత కొత్తది, టీచరమ్మ కోసం సరిచేసింది. రెండోది బాగానే ఉంది. మూడోది పాతది. దాని కుడి చట్రం తిప్పి, బొటనవేలితో తుప్పు తుడిచాడు.

పాదం ముందు భాగాన్నీ మడమనీ కలిపే ఇనుప పట్టీ మీద, రంధ్రం పక్కన, వెంట్రుకంత గీత ఉంది. గోరు పెట్టి లాగాడు. గోరు దిగింది. రెండు చేతులా పట్టుకుని కొంచెం వంచాడు. గీత నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది.

తోలు పట్టీ తెగితే తాడుతో కట్టుకోవచ్చు. ఇనుము పగిలితే కట్టడానికి ఏమీ ఉండదు. వంద అడుగులు నడవనిస్తుంది, రెండు వందలు నడవనిస్తుంది. ఏటవాలులో బరువు పడగానే రెండు ముక్కలవుతుంది.

అతను నోరు తెరిచాడు. "అమ్మాయ్" అన్న మాట నాలుక మీదికి వచ్చింది.

లోపల నుంచి మిలెనా నవ్వు వినపడింది. తలనొప్పిలో కూడా నవ్వుతోంది. "నువ్వు లేకపోతే నేను రెండో రోజే వెనక్కి పోయేదాన్ని," అంటోంది కబుఘోతో.

మంచు అంచున ముళ్ళు పంచే పద్ధతి కూడా ముహిందోదే. ముందు కొండెక్కడానికి వచ్చినవాళ్ళకి ఇవ్వాలి, తరవాత తోటి గైడుకి. మిగిలిన చివరి జత నాయకుడిది. మంచివన్నీ నాయకుడు ముందే ఏరుకుంటే ఇంకెవడు నమ్మి వెనక నడుస్తాడు, అనేవాడు తను. అంటే ఈ జత రేపు ఎవరి కాళ్ళకి పోతుందో చెప్పనక్కర్లేదు.

పడిపోదు, అనుకున్నాడు. తాడు మీద తనుంటాడు. జారుతుంది, అంతే. జారితే పట్టుకునేది తనే. అక్కడ, ఏటవాలులో, ఆ పిల్ల తాడు విప్పి తన చేతికి ఇవ్వాల్సి వస్తుంది. పైకి తీసుకుపోయింది ముహిందో అని టీచరమ్మ, నాయకుణ్ణి నియమించే గైడ్ల కమిటీకి రాస్తుంది. అంతకన్నా తనకేం కావాలి? ఎవరికీ దెబ్బ తగలకూడదు. పుస్తకంలో గీత మారాలి, అంతే.

చట్రాన్ని బురద చేత్తో మళ్ళీ తుడిచాడు. గీత మాయమైంది. మూడు జతలూ సంచిలో పెట్టి మూతి బిగించాడు.

"అన్నీ బాగున్నాయా బాబాయ్?"

"బాగున్నాయి."

థెంబో గిన్నె కడుగుతూ అతని వంక చూశాడు. "ఏంటన్నా, ఆ ముఖం? కడుపులో నొప్పా?"

"నీ కూర తిన్నాక ఎవరికి ఉండదు," అన్నాడు ముహిందో. మాట తేలిగ్గానే వచ్చింది. చేతులు మాత్రం ఎంత కడిగినా తుప్పు వాసన పోలేదు.

*

తెల్లవారుతుండగా ముగ్గురూ బండకి తగిలించిన ఇనుప నిచ్చెన ఎక్కి మంచు అంచుకి చేరారు. థెంబో, కూలీలు గుడిసె దగ్గరే ఆగిపోయారు. రాత్రి వాన కడిగేసిన ఆకాశం కింద, మంచు నీలంగా, గట్టిగా, ఊపిరి బిగబట్టినట్టు ఉంది. పక్క రాతి గోడకి తను ఒకప్పుడు దిగ్గొట్టిన మేకులు ముహిందోకి కనపడ్డాయి. అప్పట్లో అవి మంచుకి మోకాలెత్తులో ఉండేవి. ఇప్పుడు రెండు నిలువుల పైన గాలిలో వేలాడుతున్నాయి. మంచు అంత కిందికి దిగిపోయింది. కింద కొత్త మేకులు. కబుఘోవి.

కబుఘో సంచి దించి, కిథసాంబాకని దోసిలిలో కాసిని పల్లీలు పోసి రాతి సందులో పెట్టింది. గొంతులో ఏదో అనుకుంది. తరవాత భుజం మీది తాడు చుట్ట తీసి, రెండు చేతులా ముహిందో ముందుకు చాపింది.

"ఇది నీది బాబాయ్."

అతనికి అర్థం కాలేదు. "ఏంటి?"

"మంచు నీది. కమిటీలో అప్పుడే చెప్పాను. అడవీ బురదా నేను చూసుకుంటాను, మంచు మీద మా బాబాయే. ఒప్పుకోకపోతే నేనూ పోనన్నాను. మోకాలు ఎక్కడానికి బాగానే ఉందిగా. ఈ నాలుగు రోజులూ చూస్తూనే ఉన్నాను." ఆమె నవ్వింది. చలికి పెదవులు పగిలి ఉన్నాయి. "కింద చెప్పకూడదు కాబట్టి ఊరుకున్నాను. నువ్వేమో ముఖం గంటు పెట్టుకుని తిరిగావు."

తాడు అతని చేతుల్లోకి వచ్చింది. బరువు తెలిసిన బరువే. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, అతని ఛాతీ నిండిపోయింది. ఇరవై రెండేళ్ళ పొద్దులన్నీ ఒక్కసారిగా వెనక్కి వచ్చాయి.

కబుఘో సంచి మూతి విప్పింది. కొత్త జత తీసి టీచరమ్మ ముందు పెట్టింది. రెండో జత తీసుకుని తను బండ మీద కూర్చుంది. సంచి అతని కాళ్ళ దగ్గరికి నెట్టింది. చివరి జత నాయకుడిది.

ముహిందో కూర్చున్నాడు. సంచిలో చెయ్యి పెట్టాడు. చూడకుండానే కుడి చట్రం వేళ్ళకి తగిలింది.

మార్చుకోవచ్చు. నాది బిగుతుగా ఉంది, నీది ఇటివ్వు అంటే చాలు. ఎందుకని కూడా అడగదు, తీసి ఇచ్చేస్తుంది. ఆ మాట పెదవుల దాకా వచ్చాక, అదెంత నీచమైన మాటో అతనికే తెలిసింది. అతను నోరు మూసుకున్నాడు.

కట్టుకుని వెళ్ళిపోవచ్చు. మెల్లగా, ఎడమ కాలి మీద బరువేస్తూ. వంద అడుగులు. రెండు వందలు. నిన్న ఆ పిల్ల జారితే తను పట్టుకుంటాననుకున్నాడు. ఇవాళ తను జారితే పట్టుకోవాల్సింది ఆ పిల్లా, అరవై మూడేళ్ళ ఈ టీచరమ్మా. మిలెనా చేతి తొడుగు పళ్ళతో లాగి, నీలిగా మారిన వేళ్ళతో పట్టీ బిగించుకుంటోంది. కొత్త బూట్లు వేసుకున్న బడిపిల్లలా అతని వంక చూసి బొటనవేలు ఎత్తింది.

"బాబాయ్, ఎండెక్కితే మంచు మెత్తబడుతుంది," అంది కబుఘో.

అతను చట్రం బయటికి తీసి, మోకాలి మీద పెట్టి, రెండు చేతులా వంచాడు. టిక్కుమని చిన్న చప్పుడు. రెండు ముక్కలు రెండు చేతుల్లోకి వచ్చాయి.

కబుఘో లేచి వచ్చింది. ముక్క తీసుకుని విరిగిన అంచు చూసింది. అంచు సగం మెరుస్తోంది, సగం ఎర్రగా తుప్పు పట్టి ఉంది. పాత పగులు.

"అయ్యో, నిన్న నీకు కనపడలేదా?" అంది. "పోనీలే, నడుస్తుండగా విరగలేదు. గుడిసెలో వెలుతురు ఎక్కడుంది, నేనైనా..."

"కనపడింది."

ఆమె ముక్క మీంచి తల ఎత్తింది.

"నిన్న మధ్యాహ్నమే కనపడింది," అన్నాడు ముహిందో. మంచు వంక చూస్తూ అన్నాడు. "తుడిచి లోపల పెట్టాను."

కబుఘో చేతిలోని ముక్కని చూసింది. తన కాళ్ళకున్న మంచి జతని చూసింది. సంచిని చూసింది. ముళ్ళు ఎవరికి ఏ వరసలో వస్తాయో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"చివరి జత," అంది మెల్లగా.

"ఊఁ."

"నాకని."

అతను తన చేతిలో మిగిలిన ముక్కని జేబులో వేసుకున్నాడు. గాలి మంచు మీంచి ఇసకలాంటి పొడి లేపి వాళ్ళ ముఖాల మీద కొట్టింది. టీచరమ్మకి వాళ్ళ భాష రాదు. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఏమైంది?"

కబుఘో ఆమెకి అర్థమయ్యే ఇంగ్లీషులో, మామూలు గొంతుతో చెప్పింది. "ఇతని ముళ్ళు విరిగిపోయాయి. ఇతను ఇక్కడే ఉంటాడు. తాడు మీద ముగ్గురుంటే ఒకరు జారినా ఇద్దరు పట్టుకుంటారు. ఇప్పుడు మీరూ నేనూ మాత్రమే. మంచు గట్టిగా ఉంది, ఆకాశం బాగుంది. వద్దంటే వెనక్కి పోదాం."

మిలెనా పైకి చూసింది. చాలాసేపు చూసింది. "వెళ్దాం," అంది.

కబుఘో చెయ్యి చాపింది. ముహిందో తాడు ఇచ్చేశాడు. ఆ చుట్ట అతని చేతుల్లో ఉన్నది ఒక టీ గ్లాసు ఖాళీ చేసేంత సేపు.

*

బండ చాటున కూర్చుని అతను చూశాడు. రెండు చుక్కలు. ముందు చుక్క ఆగుతుంది, మంచు గొడ్డలి దిగ్గొడుతుంది, తాడు లాగి పట్టుకుంటుంది. వెనక చుక్క చేరుతుంది. మళ్ళీ ముందు చుక్క కదులుతుంది. తను ఎడమ పక్క నుంచి తీసుకెళ్ళేవాడు. ఆమె కూడా ఎడమ పక్క నుంచే తీసుకెళ్ళింది. మంచులోని పగులు దగ్గర తను మూడు అడుగుల కింద దాటించేవాడు. ఆమె నాలుగడుగుల కింద దాటించింది. అదే మేలు. ఇప్పటి మంచుకి అదే మేలు.

ఒక్క అడుగైనా తప్పు వేస్తే బాగుండునని అతనికి ఇంకా అనిపిస్తోంది. అనిపించగానే భయంతో లేచి నిలబడుతున్నాడు. చుక్కలు రెండూ ఉన్నాయని చూసుకుని మళ్ళీ కూర్చుంటున్నాడు. అలా ఎన్నిసార్లు లేచాడో లెక్క లేదు. మోకాలు అరుస్తోంది. దాన్ని అరవనిచ్చాడు.

మబ్బు వచ్చి చుక్కల్ని మింగేసింది. రెండు గంటలపాటు తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు. ఫ్లాస్కులో టీ ఉంది. ముట్టుకోలేదు. విరిగిన ముక్కలు రెండూ జేబులో ఉన్నాయి. నడుము వంచితే పొడుచుకుంటున్నాయి.

ముందు వినపడింది ఇనుము మంచులో దిగే కరకర శబ్దం. తరవాత దగ్గు. తరవాత మబ్బులోంచి టీచరమ్మ, ముఖం ఎర్రగా కంది, కనుబొమ్మల మీద మంచు పేరుకుని. ఆమె వెనక, తాడు బిగించి పట్టుకుని, కబుఘో. మిలెనా ఇతని దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "శిఖరం," అంది. ఆ ఒక్క మాటే అంది.

ముహిందో ఫ్లాస్కు మూతలో టీ పోసి ఆమెకిచ్చాడు. ఇంకో మూత పోసి కబుఘో ముందు పెట్టాడు. ఆమె బండ మీద కూర్చుని ముళ్ళు విప్పుతోంది. టీ వంక చూడలేదు.

"అమ్మాయ్..."

"మాట్లాడకు." ఆమె తల ఎత్తలేదు. "నువ్వు మాట్లాడితే నేనూ మాట్లాడాలి. ఇంకా నిచ్చెన దిగాలి."

ముళ్ళు సంచిలో వేసింది. టీ చల్లారాక తీసుకుని ఒక్క గుక్కలో తాగేసింది. మూత విదిలించి అతనికి తిరిగి ఇచ్చింది.

మంచు అంచు కింద నిట్టనిలువు బండ ఉంది. పొద్దున ఎక్కి వచ్చిన ఇనుప నిచ్చెన మబ్బు తడికి నల్లగా మెరుస్తోంది. నడిమి మెట్లు రెండు లేవు. ఎక్కేటప్పుడు అక్కడ చేతులతో లాక్కోవాలి. దిగేటప్పుడు కాళ్ళు గాలిలో వదిలి, వెనక్కి వాలి, పైనున్న మనిషి మీద బరువు వేయాలి. వేరే దారి లేదు.

ముహిందో కిందకి దిగడానికి నిచ్చెన వైపు నడిచాడు. ముందు దిగేది తనే. రెండో గీత మీది మనిషి ముందు దిగి, కింద నిలబడతాడు.

"ఎక్కడికి?" అంది కబుఘో.

అతను ఆగాడు.

ఆమె తాడు కొస తీసుకుని వచ్చి, అతని నడుము చుట్టూ తిప్పింది. అతని ముఖం వంక చూడకుండా ముడి వేసింది. లాగి చూసింది. ఇంకోసారి లాగి చూసింది. తన తరవాత దిగడానికి టీచరమ్మని బండ మీద కూర్చోబెట్టింది. అవతలి కొస తన నడుముకి కట్టుకుంది.

"నేను ముందు దిగుతాను," అంది. "వెనక నువ్వు."

దిగేటప్పుడు అందరికన్నా వెనక ఉండేది ఎవరో టీచరమ్మకి కూడా తెలుసు. ఆమె ముహిందో వంక చూసి తల ఊపింది, అది మామూలేనన్నట్టు.

అతను తల వంచి ముడి వంక చూశాడు. చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా, పక్కపక్కనే పడుకుని ఉన్నాయి. తను వేసిన ఏ ముడీ ఇంత చక్కగా రాలేదు. ఇప్పుడు కూడా, ఇక్కడ కూడా, లోపల ఏదో చురుక్కుమంది. అతను దాన్ని అలాగే ఉండనిచ్చి, బండ సందులో రెండు మడమలూ తన్ని పెట్టాడు. తాడు వీపు మీంచి తిప్పి, మణికట్టుకి ఒక చుట్టు వేసుకున్నాడు.

కబుఘో నిచ్చెన దిగింది. నాలుగు మెట్లు. అయిదు. ఆ తరవాత మెట్టు లేదు. ఆమె పైకి చూడలేదు. పట్టావా అని అడగలేదు. చేతులు వదిలి వెనక్కి వాలింది.

తాడు ఒక్కసారిగా బిగుసుకుంది. ఆమె బరువంతా వచ్చి అతని నడుము మీద పడింది. మోకాలు కేక పెట్టింది. మడమలు కదల్లేదు.

"వదులు," అంది కింది నుంచి.

ముహిందో పిడికెడు తాడు వదిలి, మళ్ళీ బిగించాడు.